నూట ముప్పై రెండో పేజీ

మా లైబ్రరీలో అందరూ నా వెనక నన్ను "కోడిగుడ్డుకి ఈకలు పీకే ఆవిడ" అంటారు. ఆ పేరు నాకు తెలుసన్న సంగతి వాళ్లకీ తెలుసు. పుస్తకం తెరవగానే పడని ఒత్తు, ఎగిరిపోయిన దీర్ఘం నాకు ముందు కనబడతాయి, లోపలి విషయం ఆ తర్వాత. ఇందులో నా తప్పేం లేదు. నేను బోర్డులు రాసేవాళ్ల ఇంట్లో పుట్టాను. చిన్నప్పుడు బడికి తీసుకెళ్తూ మా నాన్న దారి పొడుగునా దుకాణాల మీది అక్షరాలు చూపించి, "ఇందులో తప్పెక్కడుందో చెప్పు" అనేవాడు. చెప్తేగానీ ముందుకి కదిలేవాడు కాదు. రోజూ బడికి ఆలస్యమే.

ప్రతి వేసవికీ మా లైబ్రరీ ఒక జాబితా వేస్తుంది. ఆ ఏడాది కొత్తగా వచ్చిన జీవిత చరిత్రలు, ఆత్మకథల్లో చదవదగ్గవి పది, ఒక్కోదానికి ఒక్కో పేరా. నాలుగు పేజీలు అచ్చువేసి చుట్టుపక్కల బడులకీ రీడింగ్ రూములకీ పంపిస్తాం. చూడటానికి చిన్నదే గానీ దానికో విలువుంది. జాబితాకెక్కిన పుస్తకాన్ని మా శాఖలన్నీ తెప్పించుకుంటాయి, చిన్న ప్రచురణకర్తలైతే దాని బలంతోనే రెండో ముద్రణకి వెళ్తారు. నాలుగేళ్లుగా ఆ పేరాలు రాసేది నేనే.

పుస్తకాలకి అసలు పరీక్ష మాత్రం మా ఇంట్లో జరిగేది. వేసవిలో అమ్మకి ఊపిరి సలపని పని. బడులు తెరిచేలోపు యూనిఫాంలు కుట్టివ్వాలి. సాయంత్రం నేను పుస్తకం పట్టుకుని ఆవిడ మిషను పక్కన కూర్చుని పైకి చదివేదాన్ని. మిషను ఆగిందంటే పుస్తకం పాసైనట్టు. ఆ ఏడాది ఒక లారీ నడిపే ఆవిడ రాసుకున్న కథకి మూడుసార్లు ఆగింది. ఒక నర్సు జ్ఞాపకాలకి అమ్మ సూది విరగ్గొట్టుకుంది. ఏడొందల పేజీలు రాసిన జడ్జిగారికి మాత్రం ఒక్కసారీ ఆగలేదు.

"ఆయన జీవితంలో ఒక్క తప్పూ చెయ్యలేదా?" అంది అమ్మ, కాలర్ తిప్పుతూ.

"రెండొందల పేజీలు అయ్యాయి. ఇంతవరకూ లేదు."

"అయితే పక్కన పెట్టెయ్. అలాంటాయనతో మనకేం పని."

నాన్న గుమ్మం దగ్గర కూర్చుని వినీ విననట్టు వినేవాడు. ఆయన రంగుల దుకాణంలో పని చేస్తాడు. ఎవరికే రంగు కావాలంటే ఆ రంగు కలిపిస్తాడు, ఎడమ చేత్తో. కుడి మణికట్టు వంకరగా అతుక్కుని పన్నెండేళ్లయింది.

తొమ్మిది పుస్తకాలు తేలాయి. పదోది మా లైబ్రేరియన్ గారు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఆయన్ని మేము సైలెన్స్ గారు అంటాం. భవనం మొత్తంలో గట్టిగా మాట్లాడేది ఆయనొక్కరే.

"ఇది చూడమ్మా. బోర్డులు రాసే ఆయనెవరో తన కథ రాసుకున్నాడు. మూడొందల కాపీలే వేశారట. మొదటి పది పేజీలు చదివాను, బాగుంది."

అట్ట మీద ఫొటో. నిచ్చెన మీద ఒక మనిషి, చేతిలో కుంచె, చెవి మీద పెన్సిలు. ఫొటో అంచున కోసేసిన ఇంకెవరిదో మోచెయ్యి. ఆ ఫొటో పూర్తిది మా ఇంట్లో బీరువా అడుగున ఉంది. నిచ్చెన మీదున్నది మా పెదనాన్న. మోచెయ్యి మా నాన్నది.

వాళ్లిద్దరూ ఇరవై ఏళ్లు కలిసి బోర్డులు రాశారు. నాన్న అక్షరం గీసేవాడు, పెదనాన్న రంగు నింపేవాడు. పెద్ద బోర్డులకి డాబా మీద నుంచి రెండు తాళ్లతో ఒక చెక్క పలక వేలాడదీసి దాని మీద నిలబడేవాళ్లు. రెండు ముళ్లూ పెదనాన్నే వేసేవాడు. అది వాళ్ల పనిలో నియమం. నాకు పదహారేళ్లప్పుడు, మూడంతస్తుల బట్టల దుకాణానికి రాస్తుండగా, నాన్న వైపు ముడి జారింది. పెదనాన్న రెండో తాడు పట్టుకుని వేలాడాడు. నాన్న కింద పడ్డాడు. అన్నగారు ముడి సరిగ్గా వెయ్యలేదని ఊరంతా అనుకుంది. పెదనాన్న ఆసుపత్రికి రాలేదు. ఆ మిగిలిన బోర్డు తనొక్కడే పూర్తి చేశాడు. అప్పట్నుంచి మా ఇంట్లో ఆయన పేరు "ఆ పెద్దమనిషి".

ఆ పుస్తకాన్ని ఇంట్లో చదవలేదు. బస్సులోను, లైబ్రరీలో పాత పేపర్ల గదిలోను దొంగతనంగా చదివాను. బాగానే రాశాడు, ఒప్పుకోవాలి. ఎండలో రంగు ఎలా పొంగుతుందో, వానొచ్చే ముందు గోడ ఏ వాసనేస్తుందో చక్కగా చెప్పాడు. కానీ ఎక్కడ చూసినా "నేను". నేను ఎక్కాను, నేను రాశాను, నేను మెప్పించాను. తోటి పెయింటర్లందరి గురించీ చెప్పాల్సి వస్తే "మేము". ఇరవై ఏళ్లు పక్కన నిలబడ్డ మనిషి పేరు కాదు కదా, తమ్ముడన్న మాట కూడా రెండొందల పేజీల్లో ఒక్కచోట లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

నూట ముప్పై రెండో పేజీలో బట్టల దుకాణం వచ్చింది. ఆ పేజీ నిండా తప్పులే. నేను పెన్సిలు తీసి గీతలు పెట్టాను. లైబ్రరీ పుస్తకంలో పెన్సిలు పెట్టేవాళ్లని నేను కార్డు రద్దు చేసి పంపిస్తాను. అలాంటిదాన్ని పదకొండు చోట్ల గీశాను. ఆ మధ్యాహ్నమే పేరా రాసి సైలెన్స్ గారికి ఇచ్చాను.

ఆయన కళ్లజోడు పైకి నెట్టి చదివారు. "వృత్తి విశేషాలు ఆసక్తికరం, అయితే భాష మీద శ్రద్ధ లేదు, ముఖ్యమైన ఘట్టంలో సర్వనామాల తేడా కూడా తెలియలేదు, ఈ ఏడాదికి సిఫార్సు చెయ్యలేం." కాగితం మీంచి తలెత్తారు. "ఇదేంటమ్మా?"

"ఉన్నదే రాశాను సార్."

"సర్వనామాల కోసం పుస్తకం తీసేస్తామా?"

నేను దాచలేకపోయాను. "ఆయన మా పెదనాన్న సార్. మాకూ వాళ్లకీ మాటల్లేవు."

"ఆహా," అన్నారాయన. ఆ ఆహాకి రీడింగ్ రూములో అందరూ తలెత్తారు. వాళ్ల వైపు తిరిగి "సైలెన్స్" అని, మళ్లీ నాతో అన్నారు, "చుట్టమని పొగడనక్కర్లేదు, పడదని దులపనక్కర్లేదు. వచ్చే సోమవారం అచ్చుకి వెళ్తుంది. ఇంకోసారి చదివి, అప్పటికీ ఇదే మాట అంటే తీసేద్దాం."

సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఆ సాయంత్రం నా అన్నం డబ్బా కడగడానికని అమ్మ సంచీలో చెయ్యి పెట్టింది. డబ్బాకి బదులు పుస్తకం చేతికొచ్చింది. అట్ట వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఎన్నాళ్లుగా ఉంది ఇది నీ దగ్గర?"

"పది రోజులు."

"పది రోజులు కడుపులో దాచుకుని తిరిగావా? అచ్చం మీ నాన్నే." తువాలుతో చేతులు తుడుచుకుని మిషను ముందు కూర్చుంది. "సరే, చదువు."

"నాన్న ఉన్నాడమ్మా."

"ఉన్నాడనే చదవమంటున్నాను."

నాన్న పెరట్లో కుళాయి దగ్గర కిరసనాయిలుతో చేతికంటిన రంగు వదిలించుకుంటున్నాడు. "ఏం పుస్తకం?" అన్నాడు అక్కణ్నుంచే.

"బావగారు రాసిందండీ," అంది అమ్మ.

కుళాయి చాలాసేపు అలా పారుతూనే ఉంది. తర్వాత కట్టేసిన చప్పుడు. నాన్న లోపలికి వచ్చి గుమ్మం దగ్గర తన చోట కూర్చున్నాడు.

"నా గురించి ఏం రాశాడు ఆ పెద్దమనిషి?"

ఆ గొంతులో కోపం కన్నా భయం ఎక్కువగా వినబడింది. అబద్ధం చెప్పాలనుకున్నాను గానీ నోరు రాలేదు.

"ఏం లేదు నాన్నా. నీ పేరే లేదు."

"అనుకున్నాను," అన్నాడు. ఒడిలో కుడిచెయ్యి పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"ఆ బట్టల షాపు సంగతి?" అంది అమ్మ. మిషను నడుస్తూనే ఉంది.

"ఉంది. అదంతా తప్పుల తడకమ్మా. చదవబుద్ధి కాదు."

"నీ బుద్ధి సంగతి తర్వాత. చదువు."

చదివాను. "ఆ రోజు పొద్దున్నే మనం నిచ్చెన దింపుకున్నాం. మన రంగులు మనమే కలుపుకున్నాం. ఎరుపు కాస్త ముదిరితే నవ్వుకున్నాం. పలక వేలాడదీసి ఎక్కాం. ఇంకా సగం అక్షరం మిగిలి ఉండగా మనం కట్టిన ముడి జారింది. మనం పడ్డాం."

అక్కడ ఆపాను. "చూశావా నాన్నా. మేము అనాల్సిన చోటల్లా మనం అన్నాడు. ఈ ఒక్క పేజీలోనే పదకొండు సార్లు. పైగా పడింది నువ్వొక్కడివి. ఆయన తాడు పట్టుకుని వేలాడాడు. మనం పడ్డాం ఏంటి? కనీసం ప్రూఫులు చూసినవాడికైనా తెలియద్దా?"

మిషను ఆగింది. నాన్న తలెత్తాడు.

"ఇంకోసారి చదువు."

చదివాను.

"మిగతా పుస్తకంలో ఎలా రాశాడు?"

"తన గురించైతే నేను. పెయింటర్ల గురించైతే మేము."

"సరిగ్గానే రాశాడా?"

"సరిగ్గానే."

"అంటే తేడా తెలుసన్నమాట." నాన్న నా వైపు తిరిగాడు. "మేము అంటే వినేవాడు బయటివాడు. మనం అంటే వినేవాడు కూడా అందులో ఉన్నవాడు. ఆ పేజీ ఊళ్లోవాళ్ల కోసం రాసింది కాదమ్మాయ్." చిన్నగా అన్నాడు. "మూడొందల కాపీలు వేసి అన్నయ్య నన్నొక్కణ్ణే పిలిచాడు."

అన్నయ్య అన్న మాట పన్నెండేళ్ల తర్వాత మా ఇంట్లో వినబడింది. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాకైతే తల కొట్టేసినట్టయింది. మేముకీ మనంకీ తేడా పసిపిల్లలకి కూడా ఎవరూ నేర్పక్కర్లేదు. "మనం వెళ్దామా" అంటే చెప్పులేసుకుంటారు, "మేము వెళ్తున్నాం" అంటే ఏడుపు మొదలెడతారు. అంత తేలిక మాట నాకు అచ్చుతప్పులా కనబడింది.

నాన్న పుస్తకం తీసుకున్నాడు. "ఆ గీతలు చెరిపెయ్యి," అని రబ్బరు అడిగి, నేను చెరుపుతుంటే పక్కనే నిలబడ్డాడు. మర్నాటి నుంచి పుస్తకం ఆయనతోనే దుకాణానికి వెళ్లింది. ఆ వారంలో ఎవరో లేత నీలం అడిగితే ముదురాకుపచ్చ కలిపిచ్చాడట. పట్టుకెళ్లిన మనిషి సగం గది వేసుకున్నాక చూసుకుని వచ్చి గొడవ పెట్టుకున్నాడు. పన్నెండేళ్లలో నాన్న కలిపిన రంగు తిరిగి రావడం అదే మొదలు. అమ్మ నవ్వి, "మీ నాన్నకి మనసు అక్కడ లేదులే," అంది.

శుక్రవారం నేను అడిగాను. "పేరా మార్చి రాయనా నాన్నా? సోమవారం అచ్చుకి వెళ్లాలి."

"ఇప్పుడే రాయకు. ఆ పేజీలో నిజంగానే ఒక తప్పుంది. నువ్వు పట్టలేకపోయావు."

"నేనా? ఏంటది?"

"ఆదివారం నీకు సెలవేగా," అన్నాడు. ఇంక ఎంత గుచ్చి గుచ్చి అడిగినా చెప్పలేదు.

పుస్తకం వెనక అట్ట మీద చిరునామా ఉంది. నాన్నా నేనూ రెండు బస్సులు మారి వెళ్లాం. ఇరుకు మెట్లెక్కితే పైన తలుపు. తలుపు మీద ఇంటి నంబరు రాసి ఉంది. ఆ అంకెల ఒంపు చూడగానే నాన్న ఆగి, వేలితో ఒకసారి తడిమి, అప్పుడు కొట్టాడు.

పెద్దమ్మ తీసింది. మమ్మల్ని చూసి తలుపు వదలకుండా అలాగే నిలబడిపోయింది.

"బాగున్నావా వదినా," అన్నాడు నాన్న.

"ఏమండీ, ఎవరొచ్చారో చూడండి," అంది ఆవిడ లోపలికి తిరిగి.

పెదనాన్న కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. గోడ పొడుగునా అరల్లో డబ్బాలు, డబ్బాల నిండా కుంచెలు. మమ్మల్ని చూసి లేచాడు. లేచినవాడు ఏం చెయ్యాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు.

"ఏరా."

"ఊఁ."

"బస్సు దొరికిందా?"

"దొరికింది. రెండోది కాస్త ఆలస్యమైంది."

"ఆదివారం కదా. అలాగే ఉంటుంది."

పన్నెండేళ్ల తర్వాత కలిసిన అన్నదమ్ములు బస్సుల గురించి మాట్లాడుకున్నారు. పెద్దమ్మ నన్ను పట్టుకుని, ఎంతదానివైపోయావే అంటూ తల నిమిరి, టీ పెట్టడానికి వెళ్లింది. నాన్న కుర్చీ లాక్కుని కూర్చుని, సంచీలోంచి పుస్తకం తీసి, నూట ముప్పై రెండో పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు.

"ఇందులో తప్పుంది అన్నయ్యా."

"మూడుసార్లు చూశాను ప్రూఫులు."

"ప్రూఫుల్లో దొరికేది కాదు." ఎడమ చేతి వేలు ఆ వాక్యం మీద పెట్టాడు. "మనం కట్టిన ముడి అన్నావు. నువ్వు కట్టింది నీ వైపే. ఎరుపు గురించి షాపాయన పిలిస్తే నువ్వు కిందికి వెళ్లావు. నాకు తొందర. నా వైపుది నేనే కట్టేసుకున్నాను." ఊపిరి తీసుకున్నాడు. "ఆసుపత్రిలో మంచం చుట్టూ నిలబడి అందరూ మీ అన్న ముడి సరిగ్గా వెయ్యలేదంట కదా అన్నారు. నేను కాదనలేదు. తర్వాత అనడానికి నోరు రాలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు."

మా అమ్మ ఎన్ని వందల సార్లు ఆ ముడిని తిట్టిందో, నేను ఎన్నిసార్లు వంత పాడానో గుర్తొచ్చింది. ఆ మాటలన్నీ వింటూ నాన్న గుమ్మం దగ్గర కూర్చునేవాడు.

"తెలుసు," అన్నాడు పెదనాన్న.

"తెలుసా?"

"నేను వెయ్యని ముడి నాకు తెలియదట్రా?"

"మరి ఎవరికీ చెప్పలేదేం? ఊరంతా నిన్నే అంటుంటే?"

"ఏం చెప్పను? పలకెక్కే ముందు రెండు ముళ్లూ నేను చూడాలి. అది నా పని. ఆ రోజు చూడకుండా ఎక్కాను." పెదనాన్న కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆసుపత్రికి మూడు రోజులు వచ్చాను. గేటు దాకా వచ్చి వెనక్కి పోయాను. అక్షరం గీసే చెయ్యది. ఏ మొహం పెట్టుకుని చూడను? ఆ బోర్డు మాత్రం పూర్తి చేశాను. నువ్వు గీసి వదిలిన అక్షరం మీద ఇంకొకడు గీయడం ఇష్టం లేక."

పెద్దమ్మ టీ తెచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, గ్లాసులు అక్కడ పెట్టి, నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"అందరికీ తెలియాలన్నయ్యా," అన్నాడు నాన్న. "రెండో ముద్రణ వస్తుందట. అందులో మార్చు."

"రెండో ముద్రణ ఎక్కడిదిరా, ఉన్న మూడొందలే కదల్లేదు."

నాన్న నా వైపు చూశాడు. పెదనాన్న కూడా చూశాడు.

"మా జాబితాలో ఉంటే వస్తుంది," అన్నాను.

"ఉంటుందా?"

"ఈ పేజీ మీరిద్దరూ తేలిస్తే ఉంటుంది. రేపు పొద్దున అచ్చుకి ఇవ్వాలి."

పెదనాన్న పెన్సిలు తీశాడు. "మనం" అన్న మాట కొట్టేశాడు. దాని పైన, పెన్సిలుతోనైనా బోర్డు మీద రాసినంత శ్రద్ధగా, "నువ్వు" అని రాశాడు. పైకి చదివాడు. "నువ్వు కట్టిన ముడి జారింది. సరేనా?"

"సరే," అన్నాడు నాన్న. గట్టిగా ఊపిరి వదిలాడు. "ఆ పక్కది కూడా మార్చు. పడింది నేనొక్కణ్ణే కదా."

పెదనాన్న ఆ రెండు మాటల మీద అరచెయ్యి పెట్టాడు.

"అది ముట్టుకోకు."

"తప్పన్నయ్యా అది. చదివినవాళ్లు నవ్వుతారు."

"అమ్మాయిని అడుగుదాం. తప్పులు చూసే పని తనదే కదా." పెదనాన్న చెయ్యి తీసి పుస్తకం నా వైపు జరిపాడు. "చెప్పమ్మా. మార్చాలా?"

నాన్న ఏడుస్తున్నాడు. తుడుచుకోవడం లేదు. నేను ఆ పేజీ ముందుకి లాక్కుని, రెండు వాక్యాలూ కలిపి చదివాను. నువ్వు కట్టిన ముడి జారింది. మనం పడ్డాం.

"అక్కడ తప్పేం లేదు పెదనాన్నా," అన్నాను.